జాకెట్టనగా నేమి?

హైదరాబాదు నగరమునకు తూర్పున, నాచారము నానుకొని మల్లాపూరు గలదు. ఊరని పేరేగాని అది యేనాడో నగరములో గలిసిపోయినది. పొలములుండిన తావున రేకుల కప్పుల షెడ్లు లేచినవి. మందులకు వలయు రసాయనములు కాచువారు, లేతుపై ఇనుము త్రిప్పువారు, ప్లాస్టిక్కు డబ్బాలు పోతపోయువారు, అట్టపెట్టెలు కట్టువారు, తెల్లవారుసరికి గుంపులుగా ఆ వాడలోనికి పోవుదురు. అందొక షెడ్డు గుమ్మమున ఈ మాటలు తెలుగక్షరములలో వ్రాసిన బోర్డు వ్రేలాడుచున్నది: "జాకెట్ లేనిదే లోనికి ప్రవేశము లేదు."

ఆ షెడ్డు ఎవరిదో నేను చెప్పను. చెప్పినచో అట్టి బోర్డు అక్కడ మాత్రమే యున్నదని చదువరులు తలంతురు.

మా వీధిలో నుండు నొక స్త్రీ అచ్చట నేల యూడ్చు పనికి కుదిరెను. నల్లగొండ ప్రాంతమునుండి బ్రదుకుతెరువునకై వచ్చిన మనిషి. నలుబది యేండ్లు దాటినవి. కూతురు బడికి పోవునాళ్లలో దాని వాచకము ముందు పెట్టుకొని, దానితోపాటే తానును అక్షరములు దిద్ది నేర్చెను. అట్లు నేర్చిన వారి కుండు మురిపెము నిండుగా గలది. బస్సు నుదుటనున్న యూరి పేరు, ఉప్పు పొట్లముపై ధర, గోడమీది సినిమా ప్రకటన, ఏది కనబడినను నిలిచి, పెదవులు కదలించి, కూడబలికికొని చదువును. పనికి పోయిన మొదటినాడు గుమ్మముకడ నిలిచి ఆ బోర్డును కూడ అట్లే చదివెను. చదివి, కొంగు సవరించుకొని, కావలివానితో "ఉన్నది గదన్నా, ఏస్కొనే వచ్చిన" అనెను.

కావలివాడు నవ్వెను. లారీ దించుచున్న కూలీలు నవ్విరి. సూపర్వైజరు లోపలినుండి వచ్చి, సంగతి విని, అందరికంటె బిగ్గరగా నవ్వెను. ఆ బోర్డు క్రిందనే యొక మేకునకు, మెరుగు పట్టీలు కుట్టిన పసుపుపచ్చని చేతులు లేని అంగీలు నాలుగైదు వ్రేలాడుచుండెను. బోర్డు చెప్పునది వాని గురించి! నవ్వు ముగియువరకు వానిలో నొకదానిని తీసి ఆమె చేతికిచ్చినవాడు లేడు. మరునాడు మొదలుకొని వారము దినములు, ఆమె గుమ్మము దాటునపుడెల్ల, "జాకెట్టున్నదా?" యని యెవడో యొకడు అడుగుచునే యుండెను. ఆ మాటను నోటితో పలుక సిగ్గుపడి, ఆమె ఆ అంగీని అడుగుట మానెను. మేకున కున్ననాడు తొడిగికొనును. లేనినాడు ఉత్తచీరతోనే, లారీలు వెనుకకు నడచు ఆవరణలో, చీపురు పట్టుకొని తిరుగును.

ఇదంతయు చెప్పి, కడకు నాతో, "అప్పటి సంది బోర్డులు సదువుడు బంద్ చేసిన్నమ్మా" అనెను.

నేను ఈ సంగతిని చదువుకొన్న వారిద్దరితో ప్రస్తావించితిని. ఒకరు భాషాభిమాని. ఆయన వెంటనే కుర్చీలోనుండి ముందుకు వంగి, "చూచితిరా! ఇంగ్లీషు ముండ్లకంప నింటిలోనికి దెచ్చుకొన్నందుకు ఫలము. జాకెట్టు, బ్లౌజు, షర్టు, ప్యాంటు, వీని నన్నింటిని వెడలగొట్టిననే గాని తెలుగు బ్రదుకదు" అనిరి. రెండవ ఆయన యంత్రశాస్త్రము చదివి పెద్ద యుద్యోగము చేయువారు. ఆయన చిరునవ్వుతో, "ఇందులో తప్పేమున్నది? తెలుగులోనే వ్రాసియున్నారుగదా. లోకమంతట దానిని జాకెట్ అనియే యందురు. నాలుగు దినములలో ఆమెయు నేర్చికొనును" అనిరి. వీరిద్దరును సజ్జనులే. వీరిద్దరి మాటయు తప్పే. మొదటి తప్పు మన చరిత్రమును మరచుటవలన వచ్చినది, రెండవది ప్రాణాపాయకరమైనది.

ముందుగా భాషాభిమానిగారి మాట విచారింతము. జాకెట్టు పరాయి మాట యనుట నిజమే. ఫ్రెంచివారి 'జాకె'త్ అను మాటనుండి ఇంగ్లీషునకు వచ్చినది. అక్కడి పల్లెటూరి రైతులకు వాడుకగా నుండిన జాక్ అను పేరే దానికి మూలమని పలువురు పండితుల యూహ. అది మన దేశమునకు వచ్చునప్పటికి ఇచ్చట ఆ వస్త్రమునకు పేరు లేదా? కలదు. సర్కారు జిల్లాలవారు రవిక యనిరి. తెలంగాణమున నేటికిని రైక యందురు. పాత మాట కుప్పసము. ఐనను మిషను కుట్టు వచ్చి, చేతులు, మెడ, కాజాలు కొలతకు కుట్టి యిచ్చు దర్జీ వచ్చి, ముందు ముడివేయు తీరు పోయి గుండీలు పెట్టు తీరు వచ్చినప్పుడు, ఆ క్రొత్త కుట్టునకు జాకెట్టను పేరు నిలిచెను. దానిని ఏ పండితసభయు తీర్మానింపలేదు. ఏ ప్రభుత్వమును ఉత్తరువు చేయలేదు. ఇంటిలోని యాడువారు తమ దుస్తునకు తామే పెట్టుకొన్న పేరది. 'జాకెట్' అను మాట చివర ఉకారము చేర్చి, టకారమును ఒత్తి, 'జాకెట్టుముక్క' యని పసుపు కుంకుమల ప్రక్కన పళ్లెములో పెట్టి, పేరంటమునకు వచ్చిన ముత్తైదువ చేతికి ఇచ్చిరి. పేరంటపు పళ్లెమున కెక్కిన మాటను పరాయిదని యెట్లందును? దానికంటె పెద్ద పౌరసత్వపు పత్రము ఏ మాటకును దొరకదు.

ఆ పళ్లెము మాట వచ్చినది గనుక ఇంకొక మాటయు చెప్పవలసియున్నది. మన దేశమున కొన్ని కులములయందు భర్త పోయిన స్త్రీ తల గొరిగించుకొనవలెను, రవిక విడువవలెను అను దురాచారముండెను. శీతకాలమున నైనను, పదునాఱేండ్ల పిల్లయైనను, ఒంటిచీర కొంగుతోనే దేహమును కప్పుకొని వంటయింటి మూల బ్రదుకవలెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిరని మనము పాఠములలో చదువుకొందుము. ఆ పెండ్లి యా పిల్లకు మంగళసూత్రముతోపాటు రవికను తొడుగు హక్కును కూడ మరల ఇచ్చునదని తలచుకొన్నవారు అరుదు. నేటికిని పలు ఇండ్లలో జాకెట్టుముక్క పళ్లెము వితంతువును దాటి ప్రక్కవారి యొద్దకు పోవుచునే యున్నది. భాషను శుద్ధిచేయదలచిన పెద్దలు ముందు ఆ పళ్లెమును శుద్ధి చేసినచో బాగుండును.

దక్షిణమున తిరువాన్కూరు సంస్థానములో నీ వస్త్రమునకై దశాబ్దములకొలది పోరు జరిగినది. నాడారు కులస్త్రీలు రొమ్ము కప్పుకొనరాదని యచ్చటి కట్టడి. 1814లో క్రైస్తవ మతమున చేరినవారికి మాత్రము కుప్పాయము తొడుగుకొన ననుమతి కలిగెను. మన కుప్పసమునకు చుట్టమువలె వినబడు ఈ కుప్పాయమునే ఇంగ్లీషు కాగితములలో జాకెట్టనిరి. ఆ తరువాత సంతలలో ఆడువారి బట్టలు చింపుటయు, ఇండ్లు తగులబెట్టుటయు జరిగెను. తుదకు 1859 జూలై 26వ తేదీన మహారాజు మతభేదము లేక నాడారు స్త్రీలందరును కుప్పాయము వేసికొనవచ్చునని ప్రకటించెను. ఐనను పెద్దకులముల స్త్రీలవలె మాత్రము కప్పుకొనరాదను మెలిక యందును పెట్టెను. ఒక గజము గుడ్డకు ఇంత కథ యున్నది. కాబట్టి మల్లాపూరు గుమ్మమున ఆ స్త్రీ కొంగు సవరించుకొని "ఏస్కొనే వచ్చిన" అన్నప్పుడు, ఆ జవాబులో నవ్వదగినదేదియు లేదు. ఆమెను 'జాకెట్టు వేసికొంటివా' యని అడిగిరి. వేసికొంటినని ఆమె మర్యాదగా చెప్పినది.

ఇక జాకెట్టునకు పట్టిన దుర్గతి మరియొకటి. బ్లౌజను మాట వచ్చిన తరువాత జాకెట్టు మెల్లగా నాగరికుల నోటినుండి జారిపోయెను. ఎందువలన? చౌకబారు సినిమా పాటలును, వీధి పోకిరి మాటలును దానిని పట్టుకొని వెకిలిచేసినవి. దేహమును కప్పుటకై పుట్టిన మాట దేహమును గుర్తుచేయుటకై వాడబడెను. ఆడువారు ఆ మాటను వదలి క్రొత్తదానిని పట్టిరి. దానిని పాడుచేసినవారు ఇంగ్లీషువారు కారు, తెలుగు మగవారే. రేపు బ్లౌజునకును ఆ గతియే పట్టించి, అప్పుడును ఇంగ్లీషునే నిందింతురు కాబోలు.

భాషాభిమానిగారు జాకెట్టునకు బదులుగా 'కంచుకము' వాడుడని సెలవిచ్చిరి. కంచుకమనగా నేమి? నిఘంటువు విప్పి చూచినచో రవిక యనియు, యోధుడు తొడుగు కవచమనియు, పాము విడుచు కుబుసమనియు కనబడును. పోనీ కుబుసమందుమా? దానికిని పాముతోలు, రవిక రెండర్థములు. అంతఃపురమున కావలియుండు ముసలివాడు కంచుకి. ఒకే మాట పలు వస్తువులపై పోవుట మాటకు రోగము కాదు, దాని ఆరోగ్యమే. తొడుగవలసినవి లోకమున పెక్కు గలవు. మాట ఒక్కటే వానినన్నింటిని చుట్టుకొనును. సంస్కృతమైనను ఇంతే, ఇంగ్లీషైనను ఇంతే.

అట్లని జాకెట్టను మాట ఇప్పుడెన్ని చోట్ల తిరుగుచున్నదో చూచిన నవ్వు రాకపోదు. తాతమ్మకు జాకెట్టనగా రవిక. అమెరికాలో చదువుకొను మనుమడు "మంచు మిక్కిలిగా నున్నది, క్రొత్త జాకెట్టు కొనుక్కొంటిని" అని ఫోనులో చెప్పగా, ఆమె నోట కొంగు గ్రుక్కుకొని నవ్వును. మనుమనికది చలికోటు. మోటారు మెకానికునకు ఇంజను సిలిండర్ల చుట్టు నీరు తిరుగు ఖాళీ జాకెట్టు. పుస్తకములు అచ్చువేయువానికి అట్టపై చుట్టు రంగుకాగితము జాకెట్టు. వార్తాపత్రికవానికి మొదటి పుటనంతయు మూసివేయు ప్రకటన జాకెట్టు. దానిని విప్పిననేగాని వార్త కనబడదు. పోలీసునకు గుండు దూరని జాకెట్టు. పడవవానికి నీట తేల్చు జాకెట్టు. మల్లాపూరు, నాచారము వాడలలో రసాయనములు కాచువానికి జాకెట్టనగా రియాక్టరు చుట్టునుండు రెండవ గోడ.

ఇంటిలో ఈ గందరగోళము వలన నష్టము లేదు. తాతమ్మ నవ్విన తరువాత మనుమడు విప్పి చెప్పును, ఆమె "ఓహో, కోటా!" యనును, కథ కంచికి పోవును. ఎదుటనున్న మనిషి, చేతిలోని వస్తువు, చెప్పుచున్న సందర్భము, ఇవన్నియు మాటకు తోడుగా నిలిచి అర్థమును తేల్చును. బోర్డున కట్టి తోడు లేదు. అది ఒంటరిగా మేకునకు వ్రేలాడుచుండును. దానిని ప్రశ్నించిన మరల జవాబు చెప్పదు. అందుచేత బోర్డు వ్రాయువాడు తాతమ్మతో మాటలాడువానికంటె పదింతలు జాగరూకుడై యుండవలెను. ఇదియే యంత్రశాస్త్రజ్ఞులైన రెండవ ఆయనకు నేను చెప్పదలచిన జవాబు.

"తెలుగులోనే వ్రాసియున్నారుగదా" యని ఆయన యనిరి. అయ్యా, తెలుగులో వ్రాయలేదు. తెలుగు అక్షరములతో ఇంగ్లీషు వ్రాసినారు. లిపి మార్చుట వేరు, భాష మార్చుట వేరు. ఈ రెంటికిని గల భేదమును మరచినచో నేమగునో, దానికి వెయ్యేండ్ల నాటి చక్కని దృష్టాంతమొకటి గలదు. అదియు బట్టల మాటయే. మన గణితజ్ఞులు వింటినారి కొలతను జ్యా యనియు జీవా యనియు వ్యవహరించిరి. అరబ్బు పండితులు ఆ గణితమును తమ భాషలోనికి దెచ్చికొనునపుడు జీవా యను మాటను అనువదింపక, అక్షరములు మాత్రము తమ లిపిలోనికి మార్చికొనిరి. అరబ్బీ వ్రాతలో హ్రస్వాచ్చులు విడిచిపెట్టుట వాడుక. తరువాతివారు ఆ రెండు హల్లులను చూచి, తమకు తెలిసిన జైబ్ అను మాటగా చదివిరి. జైబనగా వస్త్రపు మడత, రొమ్ముకడ నుండు సందు. మన చొక్కాకు కుట్టించుకొను జేబు ఆ మాటయే. పండ్రెండవ శతాబ్దమున లాటిను భాషలోనికి మార్చినవారు ఆ మడతనే అనువదించి సైనస్ అనిరి. అదియే నేడు మన పిల్లలు బడిలో వల్లెవేయు సైను. వింటినారి చొక్కాజేబుగా మారినను గణితము చెడలేదు. ఏలయన ప్రక్కన పటము గీయబడియున్నది, లెక్క సరిపోవుచున్నది. షెడ్డు గుమ్మమున పటము లేదు. లెక్క తప్పినచో పోవునది మనుష్యుడు.

ఆయన కాచు రియాక్టరు సంగతియే చెప్పుదును. పెద్ద కాగు వంటి పాత్రలో రసాయనములు కలియబెట్టుదురు. ఆ పాత్రకు రెండు గోడలు. వాని నడుమనున్న సందులోనికి అవసరమునుబట్టి ఆవిరి వదలిన లోపలిది కాగును; చల్లని నీరో, ఉప్పునీరో వదలిన చల్లబడును. కొన్ని రసాయనములు కలసినంతనే తమంతట తామే వేడిని పుట్టించును; ఆ వేడిని ఎప్పటికప్పుడు జాకెట్టులోని నీరు తీసికొనిపోవలెను. నీరు ఆగినచో వేడి పెరుగును. వేడి పెరిగినకొలది కలయిక మరింత వడిగా సాగి మరింత వేడిని పుట్టించును. 2007వ సంవత్సరము డిసెంబరు 19న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున, జాక్సన్‌విల్ పట్టణమందు, ఒక రియాక్టరు ఇట్లే చల్లబడక ప్రేలి నలుగురు మరణించిరి. అది భాష తెలియక జరిగినది కాదు. చల్లబరచు ఏర్పాటునకు మారు ఏర్పాటు లేక జరిగినది. ఐనను జాకెట్టను నొక్క మాట వెనుక ఎంత బరువున్నదో చూపుటకు చెప్పితిని. రాత్రి షిఫ్టులో క్రొత్తగా చేరిన పిల్లవానికి "జాకెట్టు చూచుకో" యని చెప్పి పోవు మేస్త్రి, జాకెట్టనగా నేమో, అది చల్లారక వేడెక్కిన నేమగునో, ఏ కవాటము త్రిప్పవలెనో, ఎటు పరుగెత్తవలెనో వాని భాషలో విప్పి చెప్పినాడా? "అందరికి తెలిసినదే" యన్న జవాబు నాకు వలదు. తెలిసినవారికి తెలిసినదే, తెలియనివాడు నవ్వులకు వెరచి తలయూచును. మల్లాపూరు స్త్రీ నవ్వుల పాలైనది చూచిన తరువాత ఏ పనివాడు "నాకు తెలియదు" అనుటకు సాహసించును?

అట్లే గోదావరిపై 2019 సెప్టెంబరు 15న, దేవీపట్నము దాపున కచ్చులూరుకడ, పాపికొండలు చూడ బోవుచున్న విహారపు పడవ మునిగి నలుబది మందికి పైగా మరణించిరి. పడవలో తేల్చు జాకెట్లున్నను అందరి యొంటిపై నవి లేవు. 'లైఫ్ జాకెట్ ధరింపవలెను' అని వ్రాసిపెట్టుట యొకటి. 'నీవు నీట పడినప్పుడు నిన్ను పైకి తేల్చునది ఇదియే, దిగువరకు విప్పవద్దు' అని ముఖాముఖి చెప్పి, త్రాళ్లు బిగించి చూచుట మరియొకటి. మన దేశమున మొదటి పని చేసి రెండవదియు చేసినట్లు తలంచుట అలవాటైనది.

చట్టము కూడ ఈ భేదమును ఎఱుగును. 1948వ సంవత్సరపు ఫ్యాక్టరీల చట్టములో 108వ సెక్షను ఉండెను. ఆ చట్టము ప్రకారము తగిలింపవలసిన ప్రకటనలు ఇంగ్లీషులోను, అచ్చటి పనివారిలో నెక్కువమందికి అర్థమగు భాషలోను ఉండవలెనని అందు విధించిరి. ఎక్కువమందికి తెలిసిన లిపి యని వ్రాయలేదు; అర్థమగు భాష యని వ్రాసిరి. చట్టములు మారును, క్రొత్త కోడులు వచ్చును. ఆ మాటలోని న్యాయము పాతబడదు. మల్లాపూరు వాడలో నేడు పనిచేయువారిలో ఒడియావారు, బీహారువారు, ఉత్తరప్రదేశమువారు పెక్కుమంది గలరు. వారికి తెలుగు బోర్డును చాలదు. వారి మాటలోను వ్రాయుడు. ప్రక్కన బొమ్మ వేయుడు. పసుపు అంగీ తొడిగిన మనిషి బొమ్మకు ఏ వ్యాకరణమును అక్కరలేదు. అందొక ఆడుమనిషి బొమ్మ కూడ వేసినచో మరియు మేలు. ఏలయన ఆ మేకునకు వ్రేలాడు అంగీలన్నియు మగవాని కొలతవే. చీరపై తొడిగినప్పుడు చంకలకడ వదులై, అంచులు జారి, తిరుగు యంత్రముల దగ్గర అదియే అపాయమగును. ఆడువారి కొలతకు కుట్టించుట మాటల సమస్య కాదు. ఐనను ఈ రెండును ఒక్కచోటనే పుట్టినవి: ఆ గుమ్మము దాటి వచ్చునది ఎవరో బోర్డు వ్రాయించినవాడు తలచుకొనలేదు.

నవ్వును గురించి ఇంకొక్క మాట. 1921 నవంబరు మాసమున ఈ హైదరాబాదు నగరమందే, వివేకవర్ధినీ నాటకశాలలో, నిజాము రాష్ట్ర సంఘసంస్కరణ సభ జరిగెను. మహర్షి కర్వేగారు అధ్యక్షులు. స్త్రీవిద్యకై జీవితము ధారపోసిన మహనీయుని యెదుట, సంస్కర్తలే నిండియున్న ఆ సభలో, ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ మొదలిడగా సభికులలో పలువురు గేలిచేసి, చప్పట్లు చరచి, ఆయన నాపివేసిరి. తెలుగువారు ఆ యవమానమును దిగమ్రింగి ఊరకుండలేదు. ఆంధ్రజనసంఘము స్థాపించిరి. గ్రంథాలయములు, బడులు, సభలు, తెలంగాణమున తెలుగు చదువు, అంతయు ఆ సంఘము వెంట నడచినది. అప్పుడు నవ్వులపాలైనవారు వకీళ్లు, విద్యావంతులు. నవ్వును ఉద్యమముగా మార్చుకొను శక్తి వారికి గలదు. చీపురు పట్టుకొన్న స్త్రీకి ఆ శక్తి యెక్కడిది? ఆమె చేయగలిగినది ఒక్కటే, చదువుట మానుట. అది మానెను.

నేనామెతో కూర్చుండి బోర్డు నొకదానిని తిరుగ వ్రాయ బూనితిని. నా చేతనైన తెలుగున, "మెఱుగు పట్టీలు గల పసుపుపచ్చని పైయంగీని ధరించియే లోనికి ప్రవేశింపవలెను" అని వ్రాసి చదివి వినిపించితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "ధరించి అంటే ఏందమ్మా?" అని అడిగెను. గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతయు వాదించిన వాదము నాకప్పుడు నలుబది పుటల వ్యాసములకంటె బాగుగా బోధపడినది. ఈ వ్యాసమును ఇట్టి భాషలోనే వ్రాయుచున్నానని చదువరులు నన్ను ఎత్తిపొడిచినచో ఓర్చుకొందును. పత్రిక చదువువారు తీరికగా చదువుదురు. గుమ్మముకడ నిలిచినవారికి తీరిక లేదు. కలము ఆమె చేతికిచ్చితిని. ఆమె నా వాక్యమును కొట్టివేసి, పెద్ద పెద్ద అక్షరములతో, వంకరగా, ఇట్లు వ్రాసెను: "ఈడ ఉన్న పసుపు అంగి ఏస్కొని లోపలికి రాండ్రి. లారోల్లకు మీరు కనపడాలె. అంగి లేకుంటే అడుగుండ్రి, ఇస్తరు."

ఇందు జాకెట్టు లేదు, కంచుకము లేదు. ఏమి తొడుగవలెనో ఉన్నది, అది యెక్కడ దొరకునో ఉన్నది, ఎందుకు తొడుగవలెనో ఉన్నది. అడుగవచ్చునను ధైర్యము కూడ ఉన్నది. ఆ నాలుగవదానిని వ్రాయవలెనని నాకు తోచియుండదు.

ఆ కాగితమును మడిచి ఆమె చేతనే షెడ్డునకు పంపితిని. సూపర్వైజరు చదివి, ఈసారి నవ్వలేదట. "పైవారి నడుగవలెను" అని చెప్పి కావలివాని మేజా సొరుగులో పెట్టించెనట. మూడు వారములైనది. పాత బోర్డు అట్లే యున్నది. ఆమె మాత్రము నిన్న సాయంత్రము దారిలో కనబడి, ఉప్పలు మెట్రో స్టేషనులో క్రొత్తగా నేదో బోర్డు పెట్టినారని, అందులో రెండు మాటలు తనకు తెలియలేదని, నన్ను నిలిపి అడిగెను.